గ్యాసు, నీరు, కొత్త వీధి: బర్మింగ్‌హామ్ మేయర్‌గా జోసెఫ్ చాంబర్లేన్

జోసెఫ్ చాంబర్లేన్ 1873 నవంబరు నుంచి 1876 జూన్ వరకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు మేయర్‌గా పనిచేశాడు. మూడేళ్లు కూడా నిండని ఆ కాలంలో ఊరికి వెలుగిచ్చే గ్యాసు కంపెనీలు, తాగునీరిచ్చే కంపెనీ పురపాలక సంఘం చేతికి వచ్చాయి. ఊరి నడిబొడ్డున ఉన్న మురికివాడలను పడగొట్టి పెద్ద వీధి వేసే పథకం సిద్ధమైంది. తెలుగు పాఠకులకు ఈ ఇంటిపేరు వేరే దారుల్లో పరిచయం. హిట్లర్‌తో 1938లో మ్యూనిక్ ఒప్పందం చేసుకున్న బ్రిటిష్ ప్రధాని నెవిల్ ఈయన కొడుకు. నేటాల్ భారతీయుల గోడు వినిపించడానికి 1902 చివర డర్బన్‌లో గాంధీ కలిసిన వలస రాజ్యాల మంత్రి ఈయనే. ఆ విన్నపానికి పెద్దగా ఫలం దక్కలేదు. మంత్రిగా ఆయన చేసిన పనుల మీద వాదాలు ఇప్పటికీ తెగలేదు. మేయర్‌గా చేసినదానికి మాత్రం ప్రత్యర్థుల నుంచి కూడా మెప్పు దక్కింది. ఆ మెప్పు చాలావరకు న్యాయమైనదే, కాని పూర్తిగా కాదు.

చాంబర్లేన్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లో కాదు. 1836 జూలై 8న లండన్ శివారు కాంబర్‌వెల్‌లో, తరతరాలుగా చెప్పుల వ్యాపారంలో ఉన్న కుటుంబంలో పుట్టాడు. ఆ కుటుంబానిది యూనిటేరియన్ మతశాఖ. ఇంగ్లండు అధికార చర్చికి వెలుపల ఉన్న శాఖల వారికి అప్పట్లో డబ్బుండవచ్చు, చదువుండవచ్చు, కాని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల తలుపులు సరిగా తెరుచుకునేవి కావు. మత పరీక్షల అడ్డంకులు చాలావరకు తొలగింది 1871లోనే. చాంబర్లేన్ యూనివర్సిటీ కాలేజ్ స్కూల్లో చదివి, పదహారో ఏట బడి మానేసి తండ్రి కొట్లో చేరాడు. అధికార చర్చి పెద్దల మీద, భూస్వాముల మీద ఆయనకు జీవితంలో చాలాకాలం నిలిచిన కసికి మూలం ఈ వెలివేతలోనే ఉంది.

ఆయనను బర్మింగ్‌హామ్ చేర్చింది ఒక మర. మేనత్త భర్త జాన్ సటన్ నెటిల్‌ఫోల్డ్ ఆ ఊళ్లో చెక్కకు బిగించే స్క్రూలు తయారు చేసేవాడు. పాత స్క్రూకు మొన ఉండేది కాదు. ముందు చెక్కకు బెజ్జం వేసి తర్వాత బిగించాలి. మొనదేలిన స్క్రూలను వేగంగా తయారు చేసే అమెరికన్ యంత్రం మీద బ్రిటన్ హక్కులు నెటిల్‌ఫోల్డ్ కొన్నాడు. అందుకు కావలసిన 30,000 పౌండ్లలో 10,000 చాంబర్లేన్ తండ్రి పెట్టాడు. ఆ పెట్టుబడిని కనిపెట్టుకుని ఉండడానికి 1854లో పద్దెనిమిదేళ్ల కొడుకును పంపాడు. యంత్రాల పని నెటిల్‌ఫోల్డ్ కుటుంబం చూసుకునేది. ఖాతాలు, అమ్మకాలు చాంబర్లేన్‌వి. ధరలు తగ్గించి పోటీదారులను ఊపిరాడకుండా చేయడం, లొంగినవారిని కొనేయడం ఆ సంస్థ పద్ధతి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇంగ్లండులో తయారయ్యే స్క్రూలలో సుమారు మూడింట రెండు వంతులు వాళ్లవే. 1874లో చాంబర్లేన్ తన వాటా అమ్ముకుని, ముప్పై ఎనిమిదో ఏట దాదాపు 1,20,000 పౌండ్లతో వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. సరుకు మొత్తం ఒకే చేతిలో ఉంటే ఖర్చు తగ్గి రాబడి పెరుగుతుందన్న పాఠం ఆయన కౌన్సిల్‌కు తీసుకొచ్చింది ఇక్కడినుంచే.

అప్పటి బర్మింగ్‌హామ్ గుండీలు, కలం పాళీలు, తుపాకులు, ఇత్తడి సామాన్లు, నగలు చేసే చిన్న చిన్న కార్ఖానాల ఊరు. 1871 నాటికి జనాభా మూడు లక్షల నలభై వేలు దాటింది. పురపాలక సంఘం 1838లోనే ఏర్పడినా, వీధుల బాగోగులు చూసే పాత కమిషనర్ల అధికారాలు దాని చేతికి పూర్తిగా వచ్చింది 1852లో. వచ్చాక కూడా పెద్దగా జరిగిందేమీ లేదు. 1850లలో కౌన్సిల్‌ను నడిపినవారు చిన్న వ్యాపారులు, అద్దె ఇళ్ల యజమానులు. జోసెఫ్ ఆల్డే నాయకత్వంలోని ఆ వర్గం వుడ్‌మన్ అనే సారాయి దుకాణంలో చేరి ముందే నిర్ణయాలు చేసుకునేది. పన్ను పెరగకూడదన్నదే వాళ్ల ఏకైక సూత్రం. ఆ పిసినారితనాన్ని వెక్కిరించడం తేలికే కాని, పన్ను కట్టేది తామే కాబట్టి చిల్లర దుకాణదారులకు దానిలో న్యాయం కనిపించింది. ఫలితం మాత్రం వీధుల్లో కనిపించేది. ఇళ్లు వీపుకు వీపు ఆనించి కట్టినవి. వెనక కిటికీ ఉండదు, గాలి ఆడదు. నాలుగు వైపులా ఇళ్లు, మధ్య ఒక పెరడు, అందరికీ కలిపి కొన్ని మరుగుదొడ్లు, ఒక కుళాయో బావో. మరుగుదొడ్ల గుంటల ఊట బావిలోకి దిగేది. ఊరి మురుగు టేమ్ నదిలో కలుస్తోందని దిగువనున్న భూస్వాములు కోర్టుకెక్కారు.

ఈ మందకొడితనం మీద మొదటి దెబ్బ ప్రార్థన మందిరాల నుంచి పడింది. జార్జ్ డాసన్ అనే ప్రబోధకుడు 1847 నుంచి తన సొంత చర్చిలో ఊరి పాలన గురించి మాట్లాడేవాడు. ఊరంటే కొన్ని వేల ఇళ్ల గుంపు కాదనీ, అందరూ కలిసి అందరి మేలు చూసుకోవలసిన నైతిక వ్యవస్థ అనీ ఆయన బోధ. కార్స్ లేన్ చర్చిలో ఆర్. డబ్ల్యు. డేల్ అదే మాటను మరింత సూటిగా చెప్పాడు: దైవభక్తి గల వ్యాపారి కౌన్సిల్ పదవిని కింది తరగతి పనిగా చూసి తప్పుకోవడం పాపం. చరిత్రకారులు దీనికి పౌర సువార్త అని పేరు పెట్టారు. చర్చి బల్లల మీద కూర్చుని ఈ ప్రసంగాలు విన్న పెద్ద పరిశ్రమల యజమానులు 1860ల చివర కౌన్సిల్ ఎన్నికలకు నిలబడడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది ఒకరికొకరు బంధువులు కూడా. చాంబర్లేన్ పెళ్లాడిన కెన్రిక్ కుటుంబం, నెటిల్‌ఫోల్డ్ కుటుంబం, ఆయన సొంత కుటుంబం వియ్యాలతో అల్లుకుపోయినవే.

చాంబర్లేన్‌ను ప్రజాజీవితంలోకి లాగింది చదువు. ప్రతి బిడ్డకూ ఉచితంగా, ఏ చర్చి పెత్తనమూ లేని నిర్బంధ విద్య కావాలంటూ 1869లో బర్మింగ్‌హామ్‌లో నేషనల్ ఎడ్యుకేషన్ లీగ్ పుట్టింది. దాని కార్యవర్గాన్ని నడిపింది ఆయనే. మరుసటి ఏడు వచ్చిన విద్యా చట్టం చర్చి బడులకు ప్రజాధనం అందే దారి ఉంచడంతో సొంత లిబరల్ ప్రభుత్వం మీదే తిరగబడ్డాడు. 1869లోనే సెయింట్ పాల్స్ వార్డు నుంచి కౌన్సిలరయ్యాడు. 1867 సంస్కరణలతో పట్టణాల్లో కార్మిక గృహస్థులకు పార్లమెంటు ఓటు వచ్చింది. 1869 చట్టం పురపాలక ఓటర్ల సంఖ్యను ఇంకా పెంచింది. పన్ను కట్టే ఒంటరి మహిళలకు కూడా ఆ ఓటు దక్కింది. ఈ కొత్త ఓటర్లను వార్డుల వారీగా కూడగట్టే యంత్రాంగం బర్మింగ్‌హామ్ లిబరల్ సంఘానిది. దాని కార్యదర్శి ఫ్రాన్సిస్ ష్నాడ్‌హోర్స్ట్ ఇంటింటి లెక్క తెలిసిన మనిషి. 1873 నవంబరు ఎన్నికల్లో ఆ సంఘం కౌన్సిల్‌ను గెలుచుకుని చాంబర్లేన్‌ను మేయర్‌ను చేసింది. ఇంగ్లండులో ఎన్నికల పార్టీ యంత్రం ఎలా ఉంటుందో మొదట ఇక్కడే తేటగా కనబడింది. దీన్ని మెచ్చినవారు ప్రజాస్వామ్యమన్నారు, గిట్టనివారు ముఠా పాలన అన్నారు. రెండింటిలోనూ నిజముంది.

చట్టం ప్రకారం ఇంగ్లండు మేయర్‌కు పెద్ద అధికారాలేమీ లేవు. 48 మంది కౌన్సిలర్లు, వాళ్లు ఎన్నుకున్న 16 మంది ఆల్డర్‌మన్లు కలిసి ఏడాదికొకసారి తమలో ఒకరిని ఎన్నుకుంటారు. జీతం లేదు, సభకు అధ్యక్షత వహించడం, విందులివ్వడం, మెడలో గొలుసు వేసుకుని ఊరేగడం. అంతవరకు జరిగింది అదే. చాంబర్లేన్ వరసగా మూడుసార్లు ఎన్నికై ఆ కుర్చీని కార్యనిర్వాహకుడి కుర్చీగా మార్చుకున్నాడు. వ్యాపారం వదిలేశాడు కాబట్టి రోజంతా ఊరి పనికే వెచ్చించగలిగాడు. లెక్కలు ఆయన నోటనే ఉండేవి.

మొదట గ్యాసు. అప్పట్లో బొగ్గును వేడిచేసి తీసిన గ్యాసుతోనే వీధి దీపాలు, దుకాణాలు, కార్ఖానాలు వెలిగేవి. బర్మింగ్‌హామ్‌లో రెండు కంపెనీలు ఈ వ్యాపారం చేసేవి. రెండూ పక్కపక్కనే గొట్టాలు వేసుకునేవి, ఒకే వీధిని ఇద్దరూ తవ్వేవారు. 1874 జనవరిలో చాంబర్లేన్ రెండింటినీ కొనేద్దామని ప్రతిపాదించాడు. వెల దాదాపు 20 లక్షల పౌండ్లు. అంత అప్పు ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. అప్పు చేసి పప్పు కూడు వద్దనే పాతకాలపు పొదుపరులకు గుండె ఆగినంత పనైంది. చాంబర్లేన్ వాదన ఇలా సాగింది: కంపెనీ వాటాదారులు చట్టం అనుమతించినమేరకు పది శాతం దాకా డివిడెండు పొందవచ్చు, పన్నుల రాబడిని హామీగా చూపే పురపాలక సంఘానికి అందులో సగం కంటే తక్కువ వడ్డీకే అప్పు పుడుతుంది, ఆ తేడా ఊరిదే. రెండు యాజమాన్యాలు ఒకటైతే ఖర్చూ తగ్గుతుంది. ఊరికి ఈ బేరం వద్దనుకుంటే అదే ధరకు తానే తీసుకుని ధనవంతుణ్ణవుతానని కూడా సవాలు చేశాడు. కౌన్సిల్ 54 ఓట్లతో ఔనంది, కాదన్నవి రెండే. 1875లో పార్లమెంటు చట్టం వచ్చింది. మొదటి ఏడాదే 34,000 పౌండ్ల లాభం తేలింది, ఆ తర్వాత గ్యాసు ధర కూడా తగ్గింది.

ఆ లాభం ఎక్కడికి పోయిందన్నదీ చెప్పుకోవలసిన సంగతే. గ్రంథాలయాలు, మ్యూజియాల మీద పురపాలక సంఘం పెట్టే ఖర్చుకు చట్టం గట్టి పరిమితి విధించింది. ఆ సొమ్ముతో చిత్రశాల కట్టడం కుదరదు. గ్యాసు శాఖ మాత్రం తన లాభంతో తనకు ఆఫీసు కట్టుకోవచ్చు. అందుకని గ్యాసు కమిటీ ఆఫీసు కట్టి, దాని పై అంతస్తులో చిత్రశాలకు చోటిచ్చింది. 1885లో తెరిచిన బర్మింగ్‌హామ్ మ్యూజియం, చిత్రశాల అలా వచ్చిందే. పరిశ్రమ లాభాలతో కళను పోషిస్తున్నామని అక్కడి శిలాఫలకం చెబుతుంది. ఆడిటర్‌కు దొరకని ఉపాయాలలో ఇంత అందమైనవి అరుదు.

నీటి విషయంలో చాంబర్లేన్ లెక్క మారింది. ప్రైవేటు నీటి కంపెనీ సరఫరా ఊరంతటికీ అందేది కాదు. పేదవాడల్లో చాలామందికి బావులే గతి. ఆ బావుల నీళ్లు పరీక్షించిన వైద్యాధికారి ఆల్‌ఫ్రెడ్ హిల్, వాటిలో మురుగు కలిసిందని చెబుతూ వచ్చాడు. ఇంటి యజమానులు కంపెనీ కుళాయి పెట్టించడానికి ఇష్టపడేవారు కాదు, ఖర్చు కాబట్టి. చాంబర్లేన్ పార్లమెంటు కమిటీ ముందు తానే సాక్ష్యమిచ్చి, 13.5 లక్షల పౌండ్లకు కంపెనీని కొనిపించాడు. 1876 జనవరి 1 నుంచి నీటి సరఫరా పురపాలక సంఘానిదైంది. గ్యాసు మీద లాభం తీయవచ్చు, నీటి మీద తీయకూడదన్నది ఆయన పెట్టిన నియమం. గ్యాసు వాడేది ఎక్కువగా దుకాణదారులూ కార్ఖానాదారులూ. నీరు ప్రతివాడి ప్రాణం, జనం ఎంత ఎక్కువ వాడితే జబ్బులు అంత తగ్గుతాయి. కాబట్టి మిగులు వస్తే ధర తగ్గించాలి. చెడిన బావులను మూయించడానికి అధికారులకు అప్పుడు చేతులొచ్చాయి, ఎందుకంటే మూసిన బావికి బదులు చూపించడానికి కుళాయి ఉంది. ఊరు పెరిగేకొద్దీ ఆ నీరూ చాలలేదు. 1892 చట్టంతో వేల్స్‌లోని ఎలాన్ లోయలో జలాశయాలు కట్టి, 73 మైళ్ల కాలువ గుండా, పంపుల అవసరం లేకుండా నేల వాలు మీదనే నీటిని బర్మింగ్‌హామ్ చేర్చారు. 1904లో ఏడవ ఎడ్వర్డ్ రాజు ఆ పథకాన్ని ప్రారంభించాడు. కంపెనీ చేతిలోనే ఉండి ఉంటే అంత దూరాలోచన జరిగేదా అన్నది అనుమానమే.

1875 ఫిబ్రవరిలో ఆయన రెండో భార్య ఫ్లోరెన్స్ ప్రసవంలో చనిపోయింది. మొదటి భార్య హారియెట్ కూడా 1863లో ఇలాగే, కొడుకు ఆస్టెన్ పుట్టిన వెంటనే పోయింది. చాంబర్లేన్ పదవి వదిలేయబోయాడు, సహచరులు ఆపారు. యూనిటేరియన్ విశ్వాసం ఆయనలో ఆ తర్వాత నిలవలేదు. మిగిలిన ధ్యాసంతా మూడో పథకం మీదకు మళ్లింది.

ఆ పథకానికి దారి వేసింది ప్రత్యర్థి పార్టీ. కన్సర్వేటివ్ హోం మంత్రి రిచర్డ్ క్రాస్ 1875లో కార్మికుల ఇళ్ల చట్టం తెచ్చాడు. వైద్యాధికారి ఒక పేట ఆరోగ్యానికి హానికరమని తేలిస్తే, పురపాలక సంఘం దాన్ని నష్టపరిహారమిచ్చి స్వాధీనం చేసుకుని, ఇళ్లు పడగొట్టి, ఆ స్థలాన్ని కట్టేవాళ్లకు ఇవ్వవచ్చు. అయితే పై అధికారుల అనుమతి లేనిదే సంఘం తాను ఇళ్లు కట్టకూడదు. చాంబర్లేన్ కళ్లు పడింది రైలు స్టేషన్ల దగ్గర, వ్యాపార కేంద్రానికి ఆనుకుని ఉన్న పేటల మీద. సెయింట్ మేరీస్ వార్డులో మరణాల రేటు, ధనికులుండే ఎడ్జ్‌బాస్టన్ రేటుకు దాదాపు రెండింతలు. క్వేకర్ కౌన్సిలర్ విలియం వైట్ ఆ సందులు తిరిగి చూసినదంతా కౌన్సిల్ ముందు పెట్టాడు. ఊసెత్తితే ధరలు పెరుగుతాయి కాబట్టి, పథకం ఆమోదం పొందకముందే ఆస్తులు కొనడానికి చాంబర్లేన్ సొంత సొమ్ము 10,000 పౌండ్లు వేసి ఇతర ధనికులతో నిధి ఏర్పాటు చేశాడు. పార్లమెంటు ఆమోదం 1876లో వచ్చింది. 1878లో కార్పొరేషన్ స్ట్రీట్ పని మొదలైంది: న్యూ స్ట్రీట్ నుంచి సాగే, 22 గజాల వెడల్పున్న, పారిస్ వీధులను తలపించే రహదారి. రెండు పక్కలా స్థలాలు అమ్మలేదు, 75 ఏళ్లకు లీజుకిచ్చారు. గడువు తీరాక స్థలం, దాని మీది కట్టడం కూడా ఊరివే అవుతాయి. మనవల కాలానికి బర్మింగ్‌హామ్ ఇంగ్లండులోకెల్లా ధనిక సంఘమవుతుందని చాంబర్లేన్ లెక్కగట్టాడు.

ఆయన పేరుకు మచ్చ తగిలింది ఇక్కడే. తొలగించిన జనానికి ఊరి అంచుల్లో ఖాళీ ఇళ్లు చాలా ఉన్నాయని పురపాలక సంఘం వాదించింది. కాని గుండీల కార్ఖానాలో పనిచేసేవాడు పనికి నడిచి వెళ్లగలిగే చోటే ఉండాలి. అంచుల్లో అద్దె ఎక్కువ, ట్రాముకు డబ్బు లేదు. వాళ్లు పక్క సందుల్లోకే సర్దుకున్నారు, అక్కడ ఇరుకు పెరిగింది. లీజు అద్దె ఎక్కువగా వచ్చేది దుకాణాలకూ ఆఫీసులకూ. కార్మికుల ఇళ్లకు ఆ నేల ఖరీదు మోయలేనిది. 1870ల చివర వ్యాపార మాంద్యం రావడంతో స్థలాలు తీసుకునేవారు తగ్గి, పన్ను కట్టేవాళ్ల మీద భారం పెరిగింది. పురపాలక సంఘం సొంతంగా పేదలకు కట్టిన మొదటి ఇళ్లు 1890లో రైడర్ స్ట్రీట్‌లో లేచాయి, అవి 22. స్క్రూల వ్యాపారి లెక్క గ్యాసుకు సరిపోయింది, నీటికి కొంచెం సవరిస్తే సరిపోయింది. రాబడి రాని పేదవాడి ఇంటికి మాత్రం ఆ ఖాతాలో గడి లేకపోయింది. వీపుకు వీపు ఆనించి కొత్తగా ఇళ్లు కట్టకూడదని 1876లో నిషేధం పెట్టారు గాని, ఉన్నవాటిలో 40,000కు పైగా మొదటి ప్రపంచ యుద్ధం నాటికీ జనంతో నిండే ఉన్నాయి.

ఈ పనుల్లో ఏదీ బర్మింగ్‌హామ్ కనిపెట్టినది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మాంచెస్టర్ మొదటినుంచీ గ్యాసును తన చేతిలోనే ఉంచుకుంది. గ్లాస్గో 1859లోనే కాట్రిన్ సరస్సు నుంచి నీళ్లు తెచ్చుకుంది, 1866లో మురికివాడల తొలగింపుకు చట్టం చేయించుకుంది. చాంబర్లేన్ చేసిన కొత్త పని వీటన్నిటినీ రెండున్నరేళ్లలో ఒక్క ప్రణాళికగా కలిపి, ఊరి పన్నుదారులను ఒప్పించి, దేశం కళ్లు తిప్పి చూసేలా చేయడం. 1874లో పునాదిరాయి వేసిన కౌన్సిల్ హౌస్ అయిదేళ్లలో పూర్తయింది. పునాదిరాయి వేసిన 1874లోనే, నవంబరులో యువరాజు ఊరికి వచ్చినప్పుడు, రాచరికాన్ని విమర్శించిన మేయర్ ఎలా స్వాగతిస్తాడోనని పత్రికలు ఎదురుచూశాయి. ఆయన మర్యాదలో లోపం రానివ్వలేదు. 1890లో హార్పర్స్ పత్రికలో అమెరికన్ విలేకరి జూలియన్ రాల్ఫ్, బర్మింగ్‌హామ్ ప్రపంచంలోకెల్లా చక్కని పాలన గల నగరమని రాశాడు. చాంబర్లేన్ మేయర్‌గా ఉన్నప్పుడు అది చట్టం దృష్టిలో పట్టణమే. నగర హోదా వచ్చింది 1889లో.

1876 జూన్‌లో పోటీ లేకుండా పార్లమెంటుకు ఎన్నికైన తర్వాత ఆయన రాజకీయం పెద్దదై, రంగులు మార్చింది. 1880లో వాణిజ్య మంత్రి. 1886లో ఐర్లండ్ స్వపరిపాలన విషయంలో ప్రధాని గ్లాడ్‌స్టన్‌తో విడిపోయి లిబరల్ పార్టీని చీల్చాడు. 1895 నుంచి కన్సర్వేటివ్ ప్రభుత్వంలో వలస రాజ్యాల మంత్రి, బోయర్ యుద్ధ కాలపు సామ్రాజ్యవాది. బర్మింగ్‌హామ్ ఓటర్లు ఈ మలుపులన్నిటిలోనూ ఆయన వెంటే నడిచారు. అది మేయర్‌గా సంపాదించుకున్న పరపతి. 1900లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి మొదటి చాన్సలర్ ఆయనే. 1906లో పక్షవాతం వచ్చి, 1914 జూలై 2న మరణించాడు. మరుసటి ఏడు కొడుకు నెవిల్ ఆ నగరానికే లార్డ్ మేయర్ అయ్యాడు. కార్పొరేషన్ స్ట్రీట్ లీజుల గడువు 1950లలో తీరడం మొదలైంది. అప్పటికే, 1949లో, గ్యాసు జాతీయమై నగరం చేయి దాటింది. నీటి సరఫరా 1974లో సెవర్న్ ట్రెంట్ ప్రాంతీయ సంస్థకు బదిలీ అయింది.